క్రేన్ బలరాం గుప్పిలి

స్టీలు ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్ పేటలో బలరాంలు చాలామంది. పాల బలరాం, ఆటో బలరాం, రెండిళ్ల బలరాం. క్రేన్ బలరాం ఇల్లెక్కడని అడిగితే మాత్రం ఎవరూ ఇంటివైపు చెయ్యి చూపించరు. "ఇంటికాడుండడు. అలా రోడ్డు మీద సూడండి" అంటారు.

నిజంగానే ఉండడు. టీ కొట్టు దగ్గర బెంచీ ఖాళీగా ఉన్నా నిలబడే తాగుతాడు. పెళ్లి పంక్తిలో పక్కవాడు పెరుగన్నంలోకి రాకముందే విస్తరి మడిచేస్తాడు. చీపురుపల్లికి పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు కూడా వసారాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడని, తనకు అతని ముఖం కన్నా వీపే ముందు తెలిసిందని భార్య భాగ్యరేఖ ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది.

ఆ మనిషి కదలకుండా కూర్చునే చోటు ఒక్కటే ఉండేది. స్టీలు ప్లాంటులో ఉక్కు కరిగించే షెడ్డు, వాళ్ల మాటలో షాపు, దాని పైకప్పు కింద, పట్టాల మీద నడిచే పెద్ద క్రేను తాలూకు క్యాబిను. కింద కొక్కేలకు లేడిల్ వేలాడుతూ ఉంటుంది. గదంత ఇనుప బాన, దాని నిండా కాగే ఉక్కు. దాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఊగకుండా, తొణక్కుండా తీసుకువెళ్లాలి. ఆ కాసేపు బలరాం ఊపిరి కూడా కొలత ప్రకారం తీసేవాడు. లివర్ల మీద వేళ్లు మాత్రం వీణ మీద ఆడినట్టు ఆడేవి. పలాస పక్క పల్లె నుంచి వచ్చి ఈ ప్లాంటు పునాదుల్లో మట్టి మోసిన తండ్రి, కొడుకు పైన కూర్చుని పని చేస్తాడని చెప్పుకుని పొంగిపోతూనే కన్నుమూశాడు.

క్రేను పనికి ఒక నియమం ఉంది. కింద నిలబడి సైగలు చేసే సిగ్నల్‌మ్యాన్ ఒక్కడి మాటే పైనున్నవాడు వినాలి. ఎత్తమన్నా దించమన్నా అతనే. కానీ ఆపమని మాత్రం ఎవరు చెయ్యి చాపినా ఆపాలి. ఊడ్చేవాడు చూపించినా, నిన్న వచ్చిన ట్రైనీ చూపించినా సరే. ఎందుకని అడగడం తర్వాత. కొత్తవాళ్లకు బలరాం నేర్పే మొదటి పాఠం ఇదే.

యాభై దాటిన ఏడాది అతని వేళ్లు మొరాయించాయి. పొద్దున్న లేచేసరికి గుప్పిలి బిగుసుకుని ఉండేది. ఒక్కొక్క వేలూ రెండో చేత్తో విప్పుకోవాలి. కణుపులు వాచి, ముట్టుకుంటే వేడిగా తగిలేవి. పేటలో హిందీవాళ్లు గఠియా అన్నారు, మనవాళ్లు కీళ్లవాతం అన్నారు. ప్లాంటు ఆసుపత్రి డాక్టరు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అన్నాడు. ఒంటిని కాపాడాల్సిన కాపలా బలగమే దారి తప్పి సొంత కీళ్ల మీద పడి కొడుతోందని వివరించి, వారానికోసారి వేసుకునే మాత్ర రాశాడు. కొంత తగ్గింది. కొంత తగ్గలేదు. ఆ తగ్గని కొంతతోనే బలరాం క్యాబిను ఎక్కుతూ వచ్చాడు.

ఒక ఉదయం షిఫ్టులో ఖాళీ లేడిల్ వెనక్కి తెస్తుండగా కుడిచేతి వేళ్లు లివరును పట్టుకుని వదల్లేదు. అతను వదలమన్నాడు, అవి వినలేదు. ఎడమ మోచేత్తో ఎమర్జెన్సీ బటన్ గుద్దేలోపు లేడిల్ ఊగి వెళ్లి స్తంభాన్ని రాసుకుంది. కింద సిగ్నల్‌మ్యాన్‌గా ఉన్న మనోజ్‌కుమార్ పక్కకు దూకబట్టి సరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోర్‌మన్ లక్ష్మీప్రసాద్ తిట్టలేదు, అది బలరాంకు మరీ బాధ. "దిగు గురూ. చెయ్యి బాగయ్యాక చూద్దాం" అని టూల్ రూములో కుర్చీ వేయించాడు. స్పానర్లు ఇచ్చి పుచ్చుకోవడం పని. కూర్చోలేని మనిషికి కుర్చీ శిక్ష. మనోజ్ పైకెక్కి క్రేను నేర్చుకోవడం మొదలెట్టాడు. తలమీద క్రేను కదిలినప్పుడల్లా టూల్ రూము రేకులు అదిరేవి. ఆ అదురును బట్టి, కుర్రాడు బ్రేకు ఎక్కడ గట్టిగా పట్టాడో బలరాంకు తెలిసిపోయేది. లేచి గుమ్మం దాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లేవాడు.

వానలు వెళ్లాక ప్లాంటు మెడికల్ బోర్డు అతన్ని చూస్తుంది. రోగం అదుపులో ఉంది, ఉంటుంది కూడా అని స్పెషలిస్టు రాసిస్తే మళ్లీ క్యాబిను. లేదంటే రిటైరయ్యేదాకా నేల మీదే. బలరాం ఆలోచనంతా ఆ ఒక్క కాగితం చుట్టూ తిరగడం మొదలైంది.

కూతురు నీలిమ సుపేలాలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో కౌంటరు దగ్గర పని చేస్తుంది. తెలుగు అర్థమవుతుంది గానీ నాలుక హిందీ వైపే పరిగెడుతుంది. స్టెమ్ సెల్, అంటే మూలకణం, అనే మాట ఆ ఇంట్లోకి ఆమె ద్వారానే వచ్చింది. అంతకుముందే బలరాం రోడ్డు మీద ఎక్కడో బోర్డు చూశాడు, మూలకణాలతో కీళ్ల నొప్పులు గ్యారంటీగా మాయమని.

"గ్యారంటీ ఇచ్చేవాడు డాక్టర్ కాదు పప్పా, మిక్సీలు అమ్మేవాడు" అంది నీలిమ. "రాయ్‌పూర్‌లో ఒక ఆసుపత్రిలో ట్రయల్ జరుగుతోంది. మాకు శాంపిల్స్ వస్తాయి. వాళ్లు గ్యారంటీ ఇవ్వరు. అందుకే వాళ్ల దగ్గరికి వెళ్దాం."

"గ్యారంటీ లేందానికి రైలెక్కి ఎల్లాలా?"

"మీ క్రేనుకు గ్యారంటీ ఉందేంటి?"

బలరాం ఒక్కడే వెళ్లలేదు. పక్క సందులో ఉండే సింహాచలమ్మను కూడా వెంటబెట్టుకెళ్లాడు. ఆమె భర్త ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా చేసి చనిపోయాడు. ఆమె గేటు దారిలో తోపుడుబండి మీద పునుగులు, ఇడ్లీలు అమ్ముతుంది. ఉద్యోగం దొరక్క ముందు బలరాం తిరుగుతున్న రోజుల్లో పిలిచి కడుపు నింపింది ఆమె. వరసేమీ లేకపోయినా అతనికి అప్ప, భాగ్యరేఖకు వదిన. రోగం కూడా అదే. పిండి పిసికి పునుగు జారవిడవడానికి బొటనవేలు రాక, ఈ మధ్య గరిటెతో వేస్తోంది. దాంతో పునుగులు తోకలతో వస్తున్నాయని గేటు దగ్గర ఎగతాళి.

రాయ్‌పూర్‌లో డాక్టర్ చంద్రాకర్ అనే ఆవిడ వాళ్లను కూర్చోబెట్టి హిందీలో నిదానంగా చెప్పింది. బలరాం కూర్చోలేదు, నిలబడే విన్నాడు. పుట్టిన బిడ్డ బొడ్డుతాడు నుంచి తీసి పెంచిన మూలకణాలను సెలైనులాగా చేతి నరంలోకి ఎక్కిస్తారు. దారి తప్పిన కాపలా బలగాన్ని అవి శాంతపరచగలవేమో చూస్తున్నారు. అయితే వాచి మండుతున్న ఒంట్లో ఆ కణాలు ఎక్కువకాలం నిలవడం లేదు. ఆ మంటలో పుట్టే విషపదార్థాలు వాటిని తినేస్తున్నాయి. యాంటీఆక్సిడెంట్లు తోడుగా ఇస్తే నిలుస్తాయా అన్నదే ప్రశ్న.

"ఇనుముకు తుప్పు పడుతుంది చూశారా, ఒంట్లో కూడా అలాంటిదే జరుగుతుంది. దాన్ని ఆపేవే యాంటీఆక్సిడెంట్లు. మీరు ప్లాంటువాళ్లు కదా, మీకు వేరే చెప్పక్కర్లేదు" అందావిడ.

"మేడమ్, తుప్పు పట్టిన తాడును మేం బాగుచెయ్యం. తీసి పారేసి కొత్తది వేస్తాం" అన్నాడు బలరాం.

"చేతుల్ని అలా పారెయ్యలేం కదా" అని ఆవిడ నవ్వి, మళ్లీ నవ్వకుండా చెప్పింది. "కణాలు అందరికీ ఎక్కిస్తాం. యాంటీఆక్సిడెంట్ గుళికలు మాత్రం సగం మందికే అసలువి. మిగతా సగానికి అలాగే కనబడే ఉత్తవి. ఎవరి సీసాలో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిస్తే మన కళ్లే మనల్ని మోసం చేస్తాయి. పాత వారపు మాత్ర మానొద్దు. వేరే మందేదీ నాకు చెప్పకుండా మింగొద్దు. ఇది ఇంకా వైద్యం కాదు, పరీక్ష. ఇష్టం లేకపోతే ఇప్పుడే వెళ్లిపోవచ్చు."

సింహాచలమ్మకు నీలిమ తెలుగులో చెప్పింది. "ఉత్తవంటే ఏటే? పిండేనా?" అందామె. "నాను రోజూ అమ్మీదీ పిండే కదా. కానీయండి."

కణాలు ఎక్కించారు. ఎక్కిస్తున్నంతసేపూ పడుకోవడమే బలరాంకు కష్టమైంది. కాళ్లు ఆడిస్తుంటే నర్సు రెండుసార్లు వచ్చి అదిమింది. తర్వాత ఇద్దరికీ చెరో తెల్ల సీసా ఇచ్చారు. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి.

వర్షాలు పడేసరికి బలరాం గుప్పిలి తెరుచుకుంది. ఒక్కసారిగా కాదు. మొదట చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. తర్వాత పొద్దున్నే కొళాయి తిప్పాడు. ఒకరోజు టూల్ రూములో స్పానరు గాల్లోకి ఎగరేసి పట్టుకుని, ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాడు. రాయ్‌పూర్‌లో పట్టు కొలిచే యంత్రాన్ని నొక్కమంటే డాక్టరు కనుబొమలెత్తేలా నొక్కాడు. "బాగుంది" అందావిడ. "ఇలాగే నిలకడగా ఉంటే మీ బోర్డుకు రాస్తాను." ఆ మాట విన్న దగ్గర్నుంచి అతని నడక ఇంకా పెరిగింది. రోజూ డ్యూటీ నుంచి ఇంటికి చుట్టు తిరిగి వచ్చేవాడు.

సింహాచలమ్మకు మాత్రం ఏమీ కాలేదు. పునుగులు తోకలతోనే వస్తున్నాయి.

ఇక్కడ భాగ్యరేఖ డబ్బా సంగతి చెప్పాలి. ప్లాంటు ఉద్యోగుల ఇళ్లకు ప్లాంటు ఆసుపత్రి నుంచి మందులొస్తాయి. ఖుర్సీపార్ సందుల్లో ఒకింట్లో ఉద్యోగి ఉంటే, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కాంట్రాక్టు కూలీలో, చిల్లర కొట్ల వాళ్లో. అందుకని పేట పుట్టినప్పటి నుంచీ ఒక అలవాటు నడుస్తోంది. ఉద్యోగి ఇంటి మందు సందు మొత్తానికి మందు. ఫ్రిజ్ మీద భాగ్యరేఖ పెట్టుకున్న స్టీలు డబ్బాలో జ్వరం బిళ్లలు, బీపీ బిళ్లలు, గ్యాసు బిళ్లలు, కంటి చుక్కలు ఉంటాయి. సాయంత్రమైతే గుమ్మం దగ్గర ఎవరో ఒకరు. "దీదీ, చక్కర్ వస్తోంది, తల తిరుగుతోంది" అంటే ఒకటి, "వదినా, కడుపు మంట" అంటే ఇంకొకటి. పక్కింటికి పులుసు గిన్నె పంపినట్టే పంపుతుంది. "డబ్బాలో పడుండే కన్నా ఎవరి కడుపులోనో పడితే పుణ్యం" అన్నది ఆమె సిద్ధాంతం. నీలిమ ఎన్నిసార్లు తిట్టినా డబ్బా కదల్లేదు. ఆ సందులో దాన్ని తప్పు అనుకునేది ఆ పిల్ల ఒక్కతే.

ఒక సాయంత్రం సింహాచలమ్మ వచ్చి గడప మీద కూలబడింది. సీసా కొంగులో ఉంది.

"ఏటి తమ్ముడా, నీకు పన్జేసింది నాకు సెయ్యలేదు. ఇద్దరం ఒక్క బండిలోనే ఎల్లినాం కదా."

"నీది ఉత్తదయ్యుంటది అప్పా" అన్నాడు బలరాం, గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతూ. "నాది అసలుది. సూడు." గుప్పిలి మూసి తెరిచి చూపించాడు.

"సూపించకు. ఏడుపొస్తంది."

భాగ్యరేఖ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "దానికేటి? మన సీసాలో సగం వదినకిద్దుం. వదినవి సగం మనం తీసుకుందుం. లెక్క లెక్కే ఉంటది, డాక్టరమ్మకి తెలవదు. ఒకింట్లో మందుంటే పక్కింట్లో మనిషి మూలగడవేటి?"

"డాక్టరమ్మ వద్దన్నాది" అన్నాడు బలరాం.

"బీపీ బిళ్ల పంచొద్దని కూడా అన్నారు. ఎవరైనా సచ్చిపోనారా?"

బలరాం మరో నాలుగడుగులు వేశాడు. తన చెయ్యి తెరుచుకుంది, అప్పది తెరుచుకోలేదు. తనకు అన్నం పెట్టిన చెయ్యి అది. పైగా అతనికి అన్నిటికన్నా కష్టం ఒకచోట ఆగి ఆలోచించడం. రెండు సీసాలూ తనే తీసుకుని, మూతలు తీసి, పళ్లెంలో కుమ్మరించి కలిపేశాడు. మళ్లీ సమంగా రెండు సీసాల్లో పోశాడు. మూత బిగిస్తున్నప్పుడు చెయ్యి చక్కగా తిరిగినందుకు సంతోషించాడు కూడా.

"నీలిమకి సెప్పకు" అంది భాగ్యరేఖ.

ఆ తర్వాత సింహాచలమ్మ నొప్పి కొంచెం తగ్గిందనడం మొదలెట్టింది. పునుగులకు తోకలు పోయాయి. భాగ్యరేఖ సందులో గర్వంగా తిరిగింది. బలరాంకు ఎందుకో ఒక వేలు మళ్లీ పట్టేసినట్టు అనిపించి, కాదులే అనుకున్నాడు. రాయ్‌పూర్ డాక్టరు ఉత్తరం రాయడానికి రమ్మన్న శుక్రవారం దగ్గరపడుతోంది. ఆ వారమంతా అతను రోడ్డు మీదే ఉన్నాడు.

బుధవారం పొద్దున్న డ్యూటీకి వెళ్తూ బండి దగ్గర ఆగాడు. సింహాచలమ్మ ముఖం బూడిద రాసినట్టుంది.

"ఏటప్పా, అలాగున్నావు?"

"ఏటీ లేదు. ఎండెక్కువుంది" అందామె. ఆకాశం నిండా మబ్బే. పునుగులు దేవి పళ్లెంలో వెయ్యబోయి, గరిటె వదిలేసి, బండి చక్రం పక్కన ఒరిగిపోయింది. నూనె మూకుడు ఆమె మీద పడలేదు, అదొక్కటే అదృష్టం. బలరాం స్టవ్ కట్టేసి, ఆటోకు అడ్డం నిలబడి ఆపి, ఆమెను దుర్గ్ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రెండు చేతులతో ఎత్తి లోపలికి మోసుకెళ్లాడు. తన వేళ్లు ఆ బరువు పట్టుకున్నాయని అతనికి చాలాసేపటికి గాని తట్టలేదు.

రక్తం బాగా తగ్గిపోయిందన్నాడు అక్కడి డాక్టరు. లోపలెక్కడో కారుతోంది, బహుశా కడుపులో. ఏయే మందులు వాడుతోంది?

భాగ్యరేఖ అప్పటికి వచ్చేసింది. ఆమె వారపు మాత్ర పేరు చెప్పింది, రాయ్‌పూర్ గుళికలన్నది. అంతే అంది. అంటూ బలరాం వైపు చూసి, తల అడ్డంగా ఊపీ ఊపనట్టు ఊపింది. వరండాలోకి వచ్చాక చెయ్యి పట్టుకుంది.

"మూసుకోండి. ఎల్లుండి మీ ఉత్తరం. కలిపీసినామని తెలిస్తే ఆవిడ రాస్తాదా? ఆ గుళికల వల్ల కాదులే. ఆ మాత్రం గుళికలకే రక్తం కారతాదా?"

"నీకెలాగ తెల్సు?"

"మీకెలాగ తెల్సు?"

బలరాం వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఉత్తరం ఒక వైపు. క్యాబిను, లివర్లు, పైనుంచి కనబడే షాపు. ఇంకో వైపు తలుపు సందులోంచి కనబడుతున్న అప్ప పాదాలు. మూడో చుట్టు తిరిగేసరికి ఆమె అతన్ని చూసింది. ఏదో చెప్పాలని చెయ్యెత్తబోయింది. ఎత్తలేక అరచెయ్యి కిందికి పెట్టి అలా అడ్డంగా చాపి ఉంచింది. తిరక్కురా, కళ్లు తిరుగుతున్నాయి, కూర్చో అని ఆమె ఉద్దేశం. కానీ బలరాం ఇంతకాలం తన క్యాబినులోంచి కిందికి చూసిన సైగ అచ్చంగా అదే. చెయ్యి అడ్డంగా, అరచెయ్యి నేలకు. ఆపు.

ఆగాడు. అక్కడే గోడకానుకుని, జేబులోంచి ఫోను తీసి డాక్టర్ చంద్రాకర్‌కు చేశాడు.

పళ్లెం సంగతి, సగాల సంగతి చెప్పాడు. ఎవరు పోశారంటే తనే అన్నాడు.

"ఇప్పుడైనా చెప్పారు" అంది ఆవిడ. "ఆమె ఇంకేమైనా మింగుతోందా? నొప్పి బిళ్లలు? సరిగ్గా అడగండి. తిట్టకుండా అడగండి."

లోపలికెళ్లి అడిగాడు. సింహాచలమ్మ గోడకేసి చూస్తూ చెప్పింది. "మెడికల్ షాపులో తెచ్చుకున్నాను. ఒకటికి తగ్గకపోతే రెండు. నీ గుళికలు పన్జెయ్యలేదని సెప్తే నువ్వు బాధపడతావని, తగ్గింది తగ్గిందన్నాను. బండి ఆపితే కుదర్దు కదరా."

పునుగుల తోకలు పోయింది ఆ బిళ్లల వల్ల. కడుపులో పుండు పడింది కూడా వాటి వల్లే కావచ్చని డాక్టర్లిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నారు. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు రహస్యం విప్పి చూడవచ్చునట, అందుకు పద్ధతి ఉంది. ఆ సాయంత్రమే ఎవరి సీసాలో ఏముందో రాయ్‌పూర్‌లో తెరిచి చూశారు. మందులు కలిసిపోయాయి గనక ఇద్దరివీ చూశారు.

సింహాచలమ్మకు ఇచ్చినవి అసలు గుళికలు. బలరాంకు ఇచ్చినవి ఉత్తవి.

రక్తం ఎక్కాక, మాట తేలికైన రోజున నీలిమ మంచం పక్కన కూర్చుని ఈ సంగతి చెప్పింది. సింహాచలమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వబోయి, నొప్పికి ఆగింది.

"ఓలమ్మో. నా మందు సగం నువ్వు తినీసి, నీ పిండి నాకెట్టినావు గదరా తమ్ముడా. పిండి అమ్మీదాన్ని నాను, నాకే పిండా?"

భాగ్యరేఖ ముఖం పక్కకు తిప్పుకుంది. "మంచికెల్తే చెడెదురైనట్టుంది" అని గొణిగింది.

"మమ్మీ, ఆ డబ్బా ఇంటికెళ్లగానే బాహర్, బయట పారెయ్యి" అంది నీలిమ. "బిల్కుల్ బాహర్."

"బీపీ బిళ్లలు కూడానా?"

"బీపీ బిళ్లలే పహలే, అన్నిటికన్నా ముందు."

శుక్రవారం బలరాం రాయ్‌పూర్ వెళ్లాడు, రైలులో తలుపు దగ్గర నిలబడే. డాక్టర్ చంద్రాకర్ అతని చేత యంత్రం నొక్కించింది. పట్టు బాగానే ఉంది. ఒక వేలు మాత్రం వెనకబడింది.

"ఉత్త గుళికలతోనే నాకు తగ్గింది కదా మేడమ్. అంటే కణాలే పన్జేశాయి కదా?"

"కావచ్చు. మీ పాత మాత్రే ఆలస్యంగా పనిచేసి ఉండవచ్చు. ఈ రోగం దానంతటదే తగ్గి పెరిగే రకం, అది కూడా కావచ్చు. మధ్యలో అసలు గుళికలు సగం మీరే మింగారు. మీ ఇద్దరి ఫలితాలు నేనిక లెక్కలోకి తీసుకోలేను. కానీ మిమ్మల్ని చూడటం మానను, నెలనెలా రండి."

"మరి ఉత్తరం?"

"రాస్తాను. ఈ రోజు మీ చెయ్యి ఎంత పడుతోందో రాస్తాను. రేపు కూడా ఇలాగే పడుతుందని రాయమంటే రాయలేను. దేనివల్ల తగ్గిందో తెలియనప్పుడు, ఎప్పటిదాకా ఉంటుందో ఎలా చెప్పను? మీ కింద మనుషులు నడుస్తుంటారు కదా, బలరాం జీ."

బలరాం ఆ గదిలో మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్న మనిషి కాసేపటికే లేచాడు.

మెడికల్ బోర్డు ఆ ఉత్తరం చదివింది, గుప్పిలి మూయించింది, తెరిపించింది, ఎత్తు మీది పని వద్దంది. రిటైరయ్యేదాకా నేల మీదే. అతను కూడా వాదించలేదు. ఆ రోజు ఖాళీ లేడిల్ స్తంభాన్ని రాసుకున్న చప్పుడు చెవుల్లోంచి పోయిందని చెబితే అబద్ధమే అవుతుంది.

లక్ష్మీప్రసాద్ అడిగాడు. "టూల్ రూములోనే ఉంటావా గురూ? ఎండా వానా లేదు, కుర్చీ ఉంది."

"కుర్చీ నువ్వే ఉంచుకో సార్. కింద సిగ్నల్ పని ఇస్తావా?"

"రోజంతా క్రేను వెనక తిరగాలి."

"తిరగడం నాకు రాదేటి?"

బోర్డు డాక్టరును అడిగితే, చేతులు ఆడినంతవరకూ సరేనన్నాడు. సైగలు వేళ్లతో కాక మోచెయ్యి దాకా పెద్దవిగా చెయ్యాలన్నాడు. పొద్దుటిపూట గుప్పిలి ఇంకా మొండికేసే రోజులుంటాయి గనక రెండో షిఫ్టు వేశారు. సింహాచలమ్మ బండి మళ్లీ గేటు దారికొచ్చింది, ఈసారి పునుగులు లేకుండా, ఇడ్లీలతోనే. పిండి రుబ్బేది యంత్రం, పోసేది గరిటె. నొప్పి బిళ్లల కోసం మెడికల్ షాపు గుమ్మం ఎక్కకూడదని నీలిమ ఒట్టు వేయించుకుంది. ఆమె వేళ్లు ఎప్పటికి తెరుచుకుంటాయో, తెరుచుకుంటాయో లేదో రాయ్‌పూర్ డాక్టరు కూడా చెప్పడం లేదు. ఫ్రిజ్ మీద స్టీలు డబ్బా స్థానంలో ఇప్పుడు ప్లాస్టిక్ పూలున్నాయి. డబ్బా మాత్రం మంచం కిందికి జరిగిందని సందంతటికీ తెలుసు, నీలిమకు తప్ప.

మొదటి రోజు బలరాం హెల్మెట్ సర్దుకుని క్రేను కింద నిలబడ్డాడు. తల వెనక్కి వాల్చి చూస్తే చాలా పైన, తన క్యాబినులో, మనోజ్‌కుమార్ ముఖం. ఇంత చిన్నగా కనబడతామా అనుకున్నాడు. చెయ్యి తిప్పి ఎత్తమన్నాడు. నిండు లేడిల్ లేచింది. వేడి ముఖాన కొట్టింది. పక్కకు, ఇంకా పక్కకు అని చూపిస్తూ దానితో పాటే నడిచాడు. కుర్రాడు కొంచెం తొందర పడుతున్నాడు, లేడిల్ ఊగబోతోంది. బలరాం కుడిచెయ్యి భుజం ఎత్తున, అరచెయ్యి నేలకు, అడ్డంగా చాపాడు. వెనకబడిన వేలు పూర్తిగా చాపుకోలేదు, వంకరగానే ఉంది.

క్రేను ఆగింది.

షిఫ్టు దిగాక మనోజ్ నిచ్చెన దిగివచ్చి, "దాదా, ఊగకముందే ఎందుకు ఆపించారు?" అని అడిగాడు.

"ఆగేవు కదా. ఎందుకన్నది తర్వాత" అన్నాడు బలరాం. చెప్పడానికి నిలబడలేదు. గేటు వైపు నడుస్తూ, వేలును రెండో చేత్తో లాగి చూసుకుంటూ, వెనక పడి వస్తున్న కుర్రాడికి బ్రేకు ఎక్కడ తప్పు పట్టాడో దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.